ఈ వారం సమస్య: కత్తి పట్టిన చేతనే కాయ మెఱసె

పైన ఇచ్చింది పద్యం నాలుగో పాదం. ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తి చేయడమే పూరణ. ఛందస్సు తేటగీతి. వస్తువు ఓరుగల్లు భద్రకాళి. తోచిన మరో దారిలో వెళ్లినా అభ్యంతరం లేదు.

ఆషాఢ శుద్ధ పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా ఆ గుడిలో శాకంబరీ ఉత్సవాలు జరుగుతాయి. చివరి రోజున అమ్మవారిని నిలువెల్లా కూరగాయలతో అలంకరిస్తారు. క్రీ.శ. 625 ప్రాంతంలో చాళుక్య రెండవ పులకేశి వేంగి విజయానికి గుర్తుగా ఈ గుడి కట్టించాడని స్థలపురాణం చెబుతుంది. యుద్ధంలో గెలిచినందుకు కట్టిన గుడిలో వంకాయలు, బీరకాయలు, సొరకాయలు అమ్మకు నగలవుతాయి. సమస్య పుట్టింది అక్కడే.

పూరణ 1 (హుజూరాబాద్)

ఓరుఁగల్లున నాషాఢ మొప్పు వేళ
భద్రకాళికిఁ గూరలుఁ బండ్లు కూడ
తొడవు లయ్యెను ఘంటతోఁ దోడుగాను
కత్తి పట్టిన చేతనే కాయ మెఱసె

మొదటి పూరణే సాఫీగా నడిచింది. ‘ఆషాఢ మొప్పు’ దగ్గర స్వరయతి (పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి అచ్చుల పొందిక) చక్కగా కుదిరింది. అయితే ‘ఘంటతోఁ దోడుగాను’ పాదం నింపడానికి వచ్చిన మాటలాగే ఉంది. అమ్మవారి కుడి చేతుల్లో ఖడ్గం, ఛురిక, జపమాల, డమరుకం ఉంటాయి. ఎడమ చేతుల్లో ఘంట, త్రిశూలం, ఛిన్నమస్తకం (తెగిన తల), పానపాత్ర ఉంటాయి. ఇన్ని ఉండగా ఘంట ఒక్కటే ఎందుకు వచ్చిందో పద్యం చెప్పాలి. ఇది చూసింది చూసినట్టు చెప్పిన పద్యం. సమస్యలోని ‘చేతనే’ అన్న నొక్కుకు మాత్రం జవాబు ఇవ్వలేదు.

పూరణ 2 (జనగామ)

ఉగ్రరూపము వీడి తా నుల్లసిల్లె
నసుర మస్తము విడనాడి యమ్మ నవ్వె
శూల ఖడ్గాలు పడవైచి సౌమ్య యయ్యె
కత్తి పట్టిన చేతనే కాయ మెఱసె

దీని మీద మంథని పెద్దలు రాసింది యథాతథంగా: “నాయనా, మూడో పాదంలో యతి తప్పింది. శ, స లకు మైత్రి ఉన్నా ‘శూ’లోని ఊకారానికి ‘సౌ’లోని ఔకారంతో చెల్లదు. అంతకన్నా పెద్ద దోషం భావంలో ఉంది. 1950లో గుడిని పునరుద్ధరించినప్పుడు అమ్మవారి నాలుకపై అమృత బీజాక్షరాలు రాసి, భీషణంగా ఉన్న రూపాన్ని ప్రసన్నం చేశారని చెబుతారు. నీ మనసులో ఉన్నది అదే అనుకుంటాను. కానీ అప్పుడు మారింది ముఖం, ఆయుధాలు ఎక్కడికీ పోలేదు. ఎనిమిది చేతులూ అలాగే ఉన్నాయి. కత్తి పారేసిన చేతిలో కాయ మెరిస్తే అందులో విడ్డూరం ఏముంది?”

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఉగ్రదేవత శాంతించిందని చెప్పాలంటే ముందు ఆమె చేతిలోని ఆయుధం తీసేయాలన్న ఆలోచన మనకు తేలికగా వచ్చేస్తుంది. భద్రకాళి గర్భగుడిలో పడమటి ముఖంగా కూర్చున్న ఆ పెద్ద రాతిమూర్తి ఎదుట నిలబడితే ఆ ఆలోచన నిలవదు. పెద్దలే సూచించిన సవరణ ఇది:

ఉగ్రరూపము వీడి తా నుల్లసిల్లె
నసుర మస్తము వీడకే యమ్మ నవ్వె
శూల ఖడ్గాలు చేఁ బూని సుముఖ యయ్యె
కత్తి పట్టిన చేతనే కాయ మెఱసె

మూడు మాటలు మారగానే యతీ కుదిరింది, అమ్మవారూ తన రూపంలోకి వచ్చింది. ‘ఖడ్గాలు’ వ్యావహారికమని ఎవరైనా అంటే అననివ్వండి. ఇక్కడ అది చెవికి ఇంపుగానే ఉంది.

పూరణ 3 (కరీంనగర్)

వాన లేక నూఱేండ్లును వాడిపోవు
జగముఁ గని నూఱు కన్నుల జాలితోడ
నేడ్చి దైత్యునిఁ దునుమాడి యిచ్చెఁ గూడు
కత్తి పట్టిన చేతనే కాయ మెఱసె

శాకంబరి కథ మూలానికే వెళ్లారు, అమ్మా, చాలా సంతోషం. ‘నూఱేండ్లు’, ‘నూఱు కన్నులు’ ఒకదానికొకటి ఎదురుగా నిలిచి శతాక్షి పేరు ఎత్తకుండానే ఆమెను చూపించాయి. ఒక్కటే లోటు. దుర్గా సప్తశతి పదకొండో అధ్యాయంలో వరుస వేరుగా ఉంది. నూరేళ్ల అనావృష్టిలో దేవి మునులను నూరు కళ్లతో చూస్తుంది. తన దేహం నుంచి పుట్టిన శాకాలతో, మళ్లీ వాన పడేదాకా లోకాన్ని పోషిస్తుంది. దుర్గముడనే రాక్షసుణ్ణి చంపి దుర్గ అనిపించుకోవడం ఆ తర్వాతి మాట. ముందు అన్నం, తర్వాత యుద్ధం. ఈ వరుస చిన్న విషయం కాదు. ఆకలితో ఉన్నవాళ్లను యుద్ధం ముగిసేదాకా ఆగమనలేదు ఆ తల్లి. మూడో పాదం ఇలా ఉంటే?

నేడ్చి కూడిడి దైత్యుని నెదిరి నిలిచె

కరీంనగర్ సోదరి వెంటనే ఒప్పుకున్నారు. “వరుస మారేసరికి నాలుగో పాదం కూడా కొత్తగా వినిపిస్తోంది. కాయ పెట్టిన చెయ్యే కత్తి కూడా పట్టిందని తెలుస్తోంది” అన్నారు.

పూరణ 4 (హుస్నాబాద్)

తాటి చెట్టెక్కి గెలలనుఁ దఱిగి దింపి
బిడ్డ కొక ముంజ నందించె బీద తండ్రి
మోకు రాపిడి మఱచెను మురిసి యతఁడు
కత్తి పట్టిన చేతనే కాయ మెఱసె

“పద్యం బాగుంది గానీ అమ్మవారు ఎక్కడ?” అని ఇద్దరు అడిగారు. పూరణకు వస్తువు మార్చుకునే హక్కు ఉంది, మొదటే చెప్పాను. ఆ హక్కు గొడవ లేకున్నా దీన్ని ఈ వారపు ఉత్తమ పూరణగా ఎంచుతాను. గీతకార్మికుడి కత్తి, మోకు ఈ నేల మీద రోజూ కనిపించేవి. వాటిని తేటగీతిలో ఇంత సులువుగా కూర్చడం తేలిక కాదు. యతులు చూడండి: తా–ద, బి–బీ, మో–ము. ఎక్కడా బిగింపు లేదు, ఒక్క వ్యర్థపదం లేదు. సమస్య అడిగిన ‘అదే చెయ్యి’ ఇక్కడ ఏ కష్టమూ లేకుండా దొరికింది. అన్ని పూరణలలో నాలుగో పాదం అతికించినట్టు కాక కథలోంచి పుట్టినట్టు ఉన్నది ఇక్కడే. మూడో పాదం చివర ‘యతఁడు’ బదులు ఇంకాస్త బరువైన మాట దొరికితే వెతకండి. దొరకకపోతే ఇలాగే ఉంచండి.

వచ్చే వారం పాలంపేట రామప్ప గుడికి వెళదాం. ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం:

నీటఁ దేలు నిటుక నిలిచె గుడిగ