హెచ్‌4 మీద వచ్చాను, ఇంటి నుంచి చేసుకునే పని ఏదైనా ఉంటుందా?

ఒహాయో నుంచి:

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. మా ఆయనది హెచ్‌1బి వర్క్ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్‌4. ఇండియాలో ఆరేళ్ళు స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేశాను. ఎంఏ, బీఎడ్ ఉన్నాయి. మా ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది కాబట్టి నా ఈఏడీకి, అంటే పని అనుమతి కార్డుకి, అప్లై చేశాం. కార్డు ఇంకా రాలేదు. బాబుకి రెండేళ్ళు, వాణ్ణి డేకేర్‌లో వేసి బయటికి వెళ్ళే పరిస్థితి లేదు. ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పడం, డేటా ఎంట్రీ అంటూ వెతికితే బోలెడు ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఏది నిజమో, ఏది మోసమో తెలియట్లేదు. "ఇంటి నుంచే కదా, ఈఏడీ దేనికి, ఎవరికి తెలుస్తుంది" అని తెలిసినావిడ ఒకరు అన్నారు. అది నిజమేనా? ఖాళీగా కూర్చుంటే పొద్దు పోవట్లేదు. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

న్యూజెర్సీ నుంచి:

నమస్తే అండీ. నేనూ తొమ్మిదేళ్ళ క్రితం హెచ్‌4 మీదే వచ్చాను. ఐదేళ్ళుగా ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్తున్నాను. మీరు చివర్లో అడిగినదానికే ముందు జవాబు చెప్తాను.

ఈఏడీ చేతికి రాకుండా డబ్బొచ్చే పని ఏదీ మొదలుపెట్టకండి. ఇంటి నుంచైనా, రోజుకి అరగంటైనా అంతే. 2015 మే 26 నుంచి హెచ్‌4 వాళ్ళలో కొందరికి పని చేసుకునే వీలు వచ్చింది, అదీ ఆ కార్డుతోనే. ఇండియా కంపెనీకి పని చేసి జీతం రూపాయల్లో అక్కడి ఖాతాలో వేయించుకోవచ్చా అని నేను మా లాయర్ని అడిగాను. "జీతం ఎక్కడ పడిందన్నది కాదు, మీరు ఎక్కడ కూర్చుని చేశారన్నది చూస్తారు, ఆ రిస్కు వద్దు" అన్నారు. మీరూ ఎవరి మాటా పట్టుకోకుండా లాయర్నే అడగండి.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, మామూలు ఉద్యోగంలో చేరేటప్పుడు కంపెనీ పని అనుమతి ఉందో లేదో తేల్చే ఐ-9 ఫారం నింపించి కాగితాలు చూస్తుంది. ట్యూటరింగ్ సైట్లు ఎక్కువగా మనల్ని కాంట్రాక్టరుగా తీసుకుంటాయి. కాంట్రాక్టరుకి ఐ-9 ఉండదు. అందుకని ఆ సైటు ఈఏడీ ఊసే ఎత్తకపోవచ్చు. వాళ్ళు అడగలేదంటే మనకి అక్కర్లేదని కాదు. రేపు గ్రీన్‌కార్డు ఫారంలో "అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా" అని ప్రశ్న ఉంటుంది. నెలకి రెండొందల డాలర్ల కోసం ఆ ప్రశ్న దగ్గర చెయ్యి వణికే పరిస్థితి తెచ్చుకోకండి. ఇది మీ ఒక్కరిదే కాదు, మీ ఇంటిల్లిపాది భవిష్యత్తు.

కార్డు వచ్చేలోపు చేసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఈఏడీకి వేసిన ఐ-765 ఫారంలోనే సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్ఎస్ఎన్) కూడా అడిగారో లేదో చూసుకోండి. అడిగి ఉంటే దానికి విడిగా ఆఫీసుకి తిరిగే పని తప్పుతుంది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకి ఇంగ్లీషు చెప్పడం నేర్పే 120 గంటల టెఫెల్ సర్టిఫికెట్ కోర్సు ఒకటి ఇప్పుడే చేసెయ్యండి. మీకు బీఎడ్ ఉన్నా సరే, స్కూల్లో సిలబస్ చెప్పడం వేరు, ఇంగ్లీషు మాట్లాడాలనుకునే పెద్దవాళ్ళతో కూర్చోవడం వేరు. కేంబ్రిడ్జ్ వాళ్ళ టీచర్ సర్టిఫికెట్ సెల్టాకి ఇంకా ఎక్కువ విలువ ఉంది కానీ ఖర్చూ శ్రమా రెండూ ఎక్కువే. మొదట్లోనే దానికి పోవద్దు.

ఇప్పుడు మోసాల సంగతి. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, కానీ రాస్తాను. నాకు ఈఏడీ వచ్చిన నెలలోనే ఒక "డేటా ఎంట్రీ" ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూ మొత్తం చాట్‌లోనే జరిగింది. మనిషి మొహం చూడలేదు, గొంతు వినలేదు. మర్నాడే లోగోతో ఆఫర్ లెటర్ పంపారు. గంటకి 32 డాలర్లు. ఆ తర్వాత 2,850 డాలర్ల చెక్కు ఫోటో ఈమెయిల్లో వచ్చింది. ప్రింట్ తీసి ఫోన్లో డిపాజిట్ చెయ్యమన్నారు. లాప్‌టాప్, ప్రింటర్ వాళ్ళ మనిషే పంపిస్తాడు, అతనికి 1,900 కట్టమన్నారు. రెండో రోజుకి నా ఖాతాలో డబ్బు కనిపించింది. చెక్కు చెల్లిందనే అనుకుని 1,900 పంపేశాను. పదకొండో రోజు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, చెక్కు దొంగదని. 2,850 వెనక్కి లాగేసుకున్నారు. నేను పంపిన 1,900కి నీళ్ళొదులుకున్నాను.

అప్పుడు తెలిసింది. చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లో బ్యాంకు డబ్బు ఖాతాలో చూపిస్తుంది, చట్టం ప్రకారం అలా చూపించాలి. ఆ చెక్కు నిజమైనదా కాదా తేలడానికి మాత్రం వారాలు పట్టొచ్చు. తేలాక ఆ మొత్తం మననుంచే రాబడతారు. మోసగాళ్ళు బతికేది ఆ మధ్య రోజుల మీదే. చెక్కు పంపి, అందులో కొంత ఇంకెవరికైనా పంపమన్నారంటే అది ఉద్యోగం కాదు. గిఫ్ట్ కార్డులు కొనమన్నా, ఇంటికొచ్చిన పార్సిళ్ళు తిరిగి ప్యాక్ చేసి పంపమన్నా అంతే. ఆ పార్సిళ్ళు చాలావరకు దొంగిలించిన కార్డులతో కొన్న సామాన్లు, వాటి మీద మన ఇంటి అడ్రసు ఉంటుంది.

నేను ఇప్పుడు చేసేది ఏమిటంటే, ఏ ఆఫర్ వచ్చినా ఆ మెసేజ్‌లో ఉన్న లింకు నొక్కను. కంపెనీ సొంత వెబ్‌సైట్‌కి నేనే వెళ్ళి, కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో చూస్తాను. కంపెనీ పేరుకి పక్కన "స్కామ్" అని కలిపి వెతుకుతాను. ఎస్ఎస్ఎన్, బ్యాంకు వివరాలు అవతలి మనిషి మొహం చూసి మాట్లాడాకే ఇస్తాను.

ఇంగ్లీషు పాఠాల విషయానికొస్తే, పాత వీడియోలు చూసి చైనా పిల్లలకి చెప్పొచ్చని ఆశ పెట్టుకోకండి. 2021 జులైలో అక్కడి ప్రభుత్వం ట్యూషన్ల మీద నియమాలు బిగించి, విదేశాల్లో ఉన్న టీచర్లతో పాఠాలు చెప్పించడం ఆపేసింది. ఒక్కసారిగా వేలమంది టీచర్లు మిగతా సైట్ల మీద పడ్డారు. పోటీ అందుకే ఎక్కువ.

కాంబ్లీ అనే ట్యూటరింగ్ సైట్లో డిగ్రీ కూడా అడగరు, కబుర్లు చెప్తూ మాట్లాడించడమే పని. నేను చేసిన రోజుల్లో నిమిషానికి 17 సెంట్లు ఇచ్చేవారు, గంటకి పది డాలర్ల పైచిలుకు. అలవాటు కావడానికి మంచిదే, దాని మీదే ఉండిపోతే లాభం లేదు. ప్రెప్లీ అనే ఇంకో సైట్లో రేటు మనమే పెట్టుకుంటాం. కానీ కొత్త విద్యార్థి మొదటి ట్రయల్ క్లాసు డబ్బు మొత్తం సైటుకే పోతుంది. ఆ తర్వాత కమిషన్ 33 శాతంతో మొదలై, గంటలు పెరిగేకొద్దీ తగ్గి, 400 గంటలు దాటాక 18కి వస్తుంది. అంటే మొదటి మూడు నెలలు చేతికొచ్చేది తక్కువ, ఓపిక పట్టాలి. మీకు స్కూలు అనుభవం ఉంది కాబట్టి అవుట్‌స్కూల్ కూడా చూడండి. అక్కడ పిల్లలకి మన సొంత క్లాసు తయారుచేసుకుని చెప్పొచ్చు, సైటు 30 శాతం తీసుకుంటుంది. "నేటివ్ స్పీకర్లు మాత్రమే" అని రాసిన చోట అప్లై చేసి మనసు కష్టపెట్టుకోకండి. మన యాస కావాలనుకునే విద్యార్థులు నిజంగానే ఉంటారు. ఇండియన్ టీముతో రోజూ మీటింగుల్లో కూర్చునే ఒక టర్కీ ఇంజనీరు నా దగ్గర రెండేళ్ళు చదివాడు.

నా మొదటి ట్రయల్ క్లాసు జపాన్‌లో ఉన్న ఒక నర్సుకి. ఇరవై ఐదు నిమిషాల క్లాసు. ఆమె తను చెప్పాలనుకున్నది కాగితం మీద రాసుకుని, కళ్ళు పైకెత్తకుండా చదివింది. ఆ మౌనం భరించలేక నేనే మాట్లాడేశాను. రికార్డింగ్ విని చూస్తే ఇరవై నిమిషాలు నా గొంతే. ఆమె మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి కెమెరా పక్కన ఒక చీటీ అంటించుకున్నాను, అందులో ఐదు ప్రశ్నలు. ప్రశ్న అడిగి, మనసులో పది లెక్కపెట్టి, ఆగుతాను. టీచర్లం కదా, ఆగడమే మనకి రాదు. అది వచ్చాకే నాకు విద్యార్థులు నిలబడ్డారు.

బాబు నిద్ర టైమ్ చూసి స్లాట్లు పెట్టుకోండి. మన ఈస్టర్న్ టైమ్‌లో వేసవిలో ఉదయం 6 అంటే జపాన్‌లో రాత్రి 7. మధ్యాహ్నం 12 అంటే సౌదీలో రాత్రి 7. ఆ రెండు వేళలూ పిల్లలున్నవాళ్ళకి బాగా కలిసొస్తాయి.

పన్ను సంగతి మర్చిపోకండి. కాంట్రాక్టరుకి జీతంలో పన్ను కోయరు. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలినా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ లెక్క వేయాలి, అది 15.3 శాతం, మామూలు ఆదాయపు పన్ను కాక. నేను వచ్చిన ప్రతి వంద డాలర్లలో ముప్ఫై వేరే ఖాతాలో వేస్తాను.

టెక్సస్ నుంచి:

అమ్మా, పైన ఆవిడ చెప్పినవన్నీ నిజం. రెండు మూడు సంగతులు కలుపుతాను.

ఎల్‌2 మీద ఉన్నవాళ్ళు ఇది చదివి కంగారు పడొద్దు. కంపెనీ బదిలీ మీద వచ్చే ఎల్‌1 వాళ్ళ భార్య లేదా భర్తకి, దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఐ-94 రికార్డు మీద ఎల్‌2ఎస్ అని ఉంటే విడిగా ఈఏడీ లేకుండానే పని చేయొచ్చు. ఈ నియమం హెచ్‌4 వాళ్ళకి వర్తించదు.

కార్డు వచ్చాక ఎక్స్‌పైరీ తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. రెన్యువల్ 180 రోజుల ముందే వేయొచ్చు. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కి ఇదివరకటి ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ లేదు. కొత్త కార్డు రాకపోతే, పాత కార్డు అయిపోయిన రోజే పని ఆపేయాలి.

ఇంకోటి, ఇంగ్లీషు ఒక్కటే అనుకోకండి, మీ తెలుగుకి కూడా ఇక్కడ గిరాకీ ఉంది. ఇంగ్లీషు రాని మన పెద్దవాళ్ళు ఆస్పత్రికి వెళ్తే ఫోన్లో దుబాసీని కలుపుతారు. మా ఆవిడ మూడేళ్ళుగా ఆ పని చేస్తోంది, ఇంటి నుంచే. దానికి 40 గంటల మెడికల్ ఇంటర్‌ప్రెటర్ శిక్షణ తీసుకుంది. సర్టిఫికేషన్‌కి అప్లై చేయాలన్నా ఆ 40 గంటలు కావాలి. ఈ పనిలో కష్టం భాష కాదు. గాల్ బ్లాడర్‌ని మనం తెలుగులో ఏమంటాం? పిత్తాశయం అంటే ఊళ్ళోంచి వచ్చిన పెద్దావిడకి అర్థం కాదు, గాల్ బ్లాడర్ అన్నా అర్థం కాదు. "కాలేయం కింద పైత్యం ఉండే సంచి" అని చెప్తుంది మా ఆవిడ, డాక్టరు మాటలో ఒక్క ముక్క పోకుండా. కాల్ అయ్యాక ఒక్కోసారి కాసేపు ఎవరితోనూ మాట్లాడదు. మనసుకి బరువైన పని, కానీ గౌరవమైన పని. పిల్లాడి ఏడుపు వినబడని గది మాత్రం తప్పనిసరి.

మన వాళ్ళే నడిపే కొన్ని "ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్" చోట్ల డబ్బు కట్టించుకుని, చేయని ఉద్యోగాలు రెజ్యూమేలో రాయిస్తారు. తెలుగులో ఆప్యాయంగా మాట్లాడారని నమ్మకండి. ఆ అబద్ధం కింద సంతకం మీదే ఉంటుంది.

ఒహాయో నుంచి:

అక్కా, అంకుల్, ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్. అక్కా, నన్ను నువ్వు అనండి. ఒక విషయం దాచాను. పోయిన వారం వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, హోటళ్ళకి రేటింగ్ ఇచ్చే పని అని. ట్రయల్ అంటే రెండు సెట్లు చేశాను. వాళ్ళ యాప్‌లో 46 డాలర్లు చూపించింది, అందులో 5 నిజంగానే ఇచ్చారు. ఇప్పుడు "కాంబో టాస్క్" పడిందట, 120 డాలర్లు క్రిప్టోలో కడితేనే మిగతాది తీసుకోగలనట. పాస్‌పోర్టు ఫోటో కూడా పంపాను. మా ఆయనకి చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

న్యూజెర్సీ నుంచి:

చెల్లీ, ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తాగు. నువ్వింకా ఏమీ కట్టలేదు, అది చాలా మంచి మాట. ఆ యాప్‌లో కనిపించే 41 డాలర్లు లేవు. అది స్క్రీన్ మీద అంకె మాత్రమే. ఆ 5 డాలర్లు నమ్మకం కుదర్చడానికి వేసినవి. 120 కడితే తర్వాత 400 అంటారు, ఆ తర్వాత ఇంకా. ఈ పద్ధతి మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి 2020లో ఒక్క ఫిర్యాదూ లేదు, 2023లో 5,000 వచ్చాయి, 2024 మొదటి ఆరు నెలల్లోనే సుమారు 20,000. ఎంతెంత చదువుకున్నవాళ్ళో పడ్డారు. నిన్ను నువ్వు తిట్టుకోకు.

చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని, తర్వాత బ్లాక్ చెయ్యి. జవాబివ్వకు, బతిమాలినా, భయపెట్టినా. యాప్ తీసేయి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సైట్‌లో ఫిర్యాదు పెట్టు, పది నిమిషాల పని. నీ ఎస్ఎస్ఎన్ వచ్చిన వెంటనే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల్లోనూ, నీ పేరుతో ఎవరూ అప్పు తీసుకోకుండా ఆపే క్రెడిట్ ఫ్రీజ్ పెట్టుకో, ఉచితమే. ఆ 5 డాలర్ల సంగతి మీ లాయర్‌కి ఉన్నదున్నట్టు చెప్పు. చిన్నదే, కానీ నువ్వే ముందు చెప్పడం మంచిది.

ఈ రాత్రికే మీ ఆయనకి చెప్పు. 1,900 పోయాక నేను మూడు వారాలు మా ఆయనకి చెప్పలేదు. ఆ మూడు వారాల్లో వాళ్ళు నా ఖాతా నంబరుతో రెండుసార్లు డబ్బు లాగారు. జాయింట్ అకౌంట్ కాబట్టి రెండోది తన జీతంలోంచే పోయింది. మొదటి రోజే చెప్పుంటే ఆ ఖాతా మర్నాడు పొద్దున్నే మూసేసేవాళ్ళం.

కార్డు వచ్చిన రోజు ఇక్కడే ఒక మాట రాయి. నీ ప్రొఫైల్ వీడియో ఇద్దరం కూర్చుని చూద్దాం.