మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూకి వెళ్లే పిల్ల, ముందు రాత్రి ఎవరింట్లో ఉండాలి?

షార్లెట్ నుంచి ఒక అమ్మ:

అందరికీ నమస్కారం. మేము గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చి నాలుగేళ్లు. మావారి అక్కగారు ఎప్పుడో వేసిన పిటిషన్ మీద గ్రీన్‌కార్డులు వచ్చాయి. మా అమ్మాయి అక్కడ ఇంటర్ అయ్యాక ఇక్కడ డిగ్రీలో చేరింది, ఇప్పుడు బయాలజీ ఆఖరి సంవత్సరం. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాసి అప్లై చేస్తే ఓహాయోలో ఒక మెడికల్ స్కూల్ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. జనవరిలో నేరుగా రమ్మన్నారు. కావాలంటే ముందు రాత్రి మా ఫస్టియర్ స్టూడెంట్ ఇంట్లో ఉచితంగా ఉండొచ్చు అని ఆ మెయిల్‌లోనే రాశారు.

ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో ఆడపిల్లని ఎలా ఉంచాలి? మావారు హోటల్ బుక్ చేద్దామంటున్నారు. వదినగారేమో అక్కడికి నలభై మైళ్లలో తెలిసిన తెలుగువాళ్లు ఉన్నారు, వాళ్లింట్లో దింపుదామంటున్నారు. అమ్మాయి మాత్రం స్టూడెంట్ దగ్గరే ఉంటానని పట్టుబట్టింది. ఇవన్నీ మాకు కొత్త. తెలిసినవాళ్లు చెప్పండి, నాకు నిద్ర పట్టడం లేదు.

మిచిగన్ నుంచి ఒక డాక్టర్:

ఆంటీ, నమస్తే. ముందు చెల్లికి నా అభినందనలు చెప్పండి. ఒక్కో కాలేజీకి వేలల్లో అప్లికేషన్లు వస్తాయి, పిలిచేది కొన్ని వందల మందినే. ఆమె ఇప్పటికే చాలా దూరం వచ్చింది.

మీ టెన్షన్ నాకు బాగా అర్థమవుతుంది. 2015 చలికాలంలో మా అమ్మ కూడా ఇలాగే కూర్చుంది. అప్పుడు నేను ఆరు కాలేజీలకు వెళ్లాను, నాలుగు చోట్ల స్టూడెంట్ల ఇళ్లలోనే పడుకున్నాను. ఆ తర్వాత నేను మెడిసిన్ చదివేటప్పుడు ఇంటర్వ్యూలకు వచ్చిన పిల్లలు పదిమందికి పైగా నా అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. అటూ ఇటూ చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, పంపండి.

ఎందుకో చెబుతాను. ఇంటర్వ్యూ రోజు కాలేజీ తన మంచి చీర కట్టుకుని కూర్చుంటుంది. టూర్ ఉంటుంది, లంచ్ ఉంటుంది, అందరూ నవ్వుతూ మాట్లాడతారు. అక్కడి బతుకు ఎలా ఉంటుందో మాత్రం ముందు రాత్రి వంటింట్లో తెలుస్తుంది. నేను మొదట ఉన్న ఇంట్లో రాత్రి తొమ్మిదికి తలుపు తీసిన అమ్మాయికి రెండు రోజుల్లో అనాటమీ పరీక్ష. డైనింగ్ టేబుల్ నిండా ఫ్లాష్‌కార్డులు, వాటి మధ్యనే నూడుల్స్ గిన్నె. నాకు కొంచెం జాగా చేసి కూర్చోబెట్టింది. మాటల్లో తనంతట తనే చెప్పింది, మొదటి బ్లాక్‌లో, అంటే మొదటి విడత పాఠాల పరీక్షలో, ఫెయిలయ్యానని. డీన్ ఆఫీసు వాళ్లే పిలిచి సీనియర్‌ని ట్యూటర్‌గా పెట్టారట, మళ్లీ రాసి పాసయిందట, ఒక్కరూ చిన్నచూపు చూడలేదట. పిల్లల్ని బాగా చూసుకుంటామని ప్రతి కాలేజీ చెబుతుంది. ఆ మాట నిజమైనచోటు నేను ఆ టేబుల్ దగ్గర చూశాను. మర్నాడు ఇంటర్వ్యూలో మా కాలేజీయే ఎందుకు అని అడిగితే, వెబ్‌సైట్‌లో చదివినది అప్పజెప్పకుండా నిజంగా అనిపించింది చెప్పగలిగాను.

ఇంకో చోట అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి నలుగురు ఉండే ఇల్లు. అక్కడ తెలిసింది, మూడో ఏడాది రొటేషన్లలో, అంటే ఆసుపత్రి శిక్షణలో, సగభాగం ఒక గంట దూరంలో ఉన్న వేరే ఊరి ఆసుపత్రిలో అని, కారు లేకపోతే అసలు కుదరదని. వెబ్‌సైట్‌లో నాకైతే ఆ సంగతి ఎక్కడా కనపడలేదు. చివర్లో నా చేతిలో రెండు సీట్లున్నప్పుడు నా నిర్ణయం ఈ ఒక్క సంగతి మీదే తేలింది.

ఇక భద్రత. ఇల్లిచ్చేవాళ్లు వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. మామూలుగా అడ్మిషన్స్ ఆఫీసు ఒక ఫారం పంపుతుంది, లేదా స్టూడెంట్ ఈమెయిల్ ఇస్తుంది. అమ్మాయి ఇల్లే కావాలని ఫారంలో రాయవచ్చు, రాయమనండి. మెయిల్ కాలేజీ అడ్రస్ నుంచే వచ్చిందో లేదో చూసుకుని, అనుమానముంటే ఆఫీసుకి ఫోన్ చేసి ఆ పేరు నిజమేనా అని అడగండి. వెళ్లేముందు చెల్లి ఆ అమ్మాయితో ఒకసారి వీడియోకాల్‌లో మాట్లాడాలి. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాలి. మీ మనశ్శాంతి కోసం దగ్గర్లో ఒక హోటల్ బుక్ చేసి పెట్టండి, ఆఖరి రోజు దాకా డబ్బు పోకుండా క్యాన్సిల్ చేసుకునే రకం. అక్కడికి వెళ్లాక ఏ కొంచెం తేడాగా అనిపించినా మొహమాటపడకుండా బయటికొచ్చి హోటల్‌కి వెళ్లిపోవాలి, పొద్దున ఆఫీసులో చెప్పాలి. అలా చేస్తే సీటు పోతుందేమో అనే భయం పెట్టుకోవద్దు.

ఆ అమ్మాయి వెళ్లి మన గురించి రిపోర్టు ఇస్తుందా అని మా అమ్మ కూడా అడిగింది. నేను ఆతిథ్యం ఇచ్చిన రోజుల్లో వచ్చినవాళ్లెవరి గురించీ నన్నెవరూ అడగలేదు. అయితే కొన్ని కాలేజీల్లో అడ్మిషన్స్ కమిటీలో స్టూడెంట్లు కూడా ఉంటారు. కాబట్టి వేరే కాలేజీల గురించి చులకనగా మాట్లాడటం, నీ ఎంక్యాట్ స్కోరెంత అని గుచ్చి అడగటం లాంటివి వద్దు. మామూలుగా ఉంటే చాలు.

మీ అందరికంటే ఎక్కువగా చెల్లి తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆ ఇల్లు నిద్రలేని ఒక స్టూడెంట్‌ది. ఒకసారి నా దగ్గరికి రావలసిన అబ్బాయి విమానం ఆలస్యమైంది. ఒక్క మెసేజ్ పెట్టలేదు. నాకు పొద్దున ఎనిమిదికి పరీక్ష. ఒంటిగంట దాకా తలుపు చప్పుడు కోసం కూర్చున్నాను. అతను చెడ్డవాడు కాదు, విషయం చెప్పాలని తోచలేదు, అంతే. ఇంకోసారి వచ్చిన అమ్మాయి విమానం ఎక్కేటప్పుడు ఒకటి, దిగాక ఒకటి, టాక్సీలో కూర్చున్నాక ఒకటి మెసేజ్ పెట్టింది. లోపలికి రాగానే బూట్లు విప్పుతూనే అడిగింది, పొద్దున నీకు బాత్రూమ్ ఎన్నింటికి కావాలి అని. ఎన్నేళ్లయినా ఆ అమ్మాయి నాకు గుర్తే. చెల్లి అలా వెళ్లాలి. తువ్వాలు, దుప్పటి తనవి తనే తీసుకెళ్లాలి. సోఫా ఇస్తారో గాలి పరుపు ఇస్తారో ముందే కనుక్కోవాలి, పిల్లీ కుక్కా ఉన్నాయేమో అడగాలి, ఎలర్జీ ఉంటే ఫారంలోనే రాయాలి. రాత్రి హాల్లో కూర్చుని మీతో స్పీకర్‌లో గంటసేపు మాట్లాడకూడదు. మీరు కూడా క్షేమంగా చేరానన్న మెసేజ్‌తో సరిపెట్టుకోండి ఆంటీ.

జనవరి అన్నారు. కాలేజీ లేక్ ఈరీ సరస్సు వైపు అయితే మంచు ఎప్పుడు ఎంత కురుస్తుందో చెప్పలేం. షార్లెట్ నుంచి ఓహాయోకి నేరుగా విమానాలున్నాయి కదా, ముందురోజు ఉదయం విమానమే తీసుకోండి. అది రద్దయినా ఇంకోటి దొరుకుతుంది. సూటు, ఇంటర్వ్యూ బూట్లు చేతి సామానులోనే ఉండాలి. నా పెట్టె ఒకసారి వేరే ఊరికి వెళ్లిపోయింది. రాత్రి పదకొండుకి జీన్స్ తప్ప ఏమీ లేకుండా నిలబడితే, ఆ ఇంటి అమ్మాయి తన కోటు ఇచ్చింది. ఆ కోటు చేతులు నాకు పొడుగైపోయాయి. పొద్దున ఆరింటికి తను లేచి, పిన్నీసులు నోట్లో పెట్టుకుని, కోటు చేతులు రెండూ మడిచి లోపలి నుంచి వాటిని పెట్టింది. తన క్లాసు పదింటికి. ఆ పూట ఆమె నా కోసమే లేచింది.

ఆ రాత్రి అడగవలసినవి కూడా చెప్పండి. మొదటి రెండేళ్లు పాస్ ఫెయిలేనా, గ్రేడ్లిచ్చి ర్యాంకులు కడతారా? అద్దె ఎంత, కారు లేకుండా కుదురుతుందా? డాక్టర్ లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ వన్ 2022 జనవరి నుంచి పాస్ ఫెయిల్ అయింది కాబట్టి బరువంతా స్టెప్ టూ మీద పడింది, దానికి చదువుకోడానికి ఎన్ని వారాలు సెలవిస్తారు? ఇంకో ప్రశ్న, నాకు అన్నిటికంటే పనికొచ్చింది: మళ్లీ అవకాశం వస్తే ఇదే కాలేజీలో చేరతావా? జవాబుకంటే ముందు ఆ అమ్మాయి ఎంతసేపు ఆగిందో చూడమనండి.

తెలుగువాళ్లింటి సంగతి. వాళ్ల మనసు మంచిదే. కానీ వంటలు చేస్తారు, పదకొండు దాకా కబుర్లు నడుస్తాయి, పొద్దున మంచులో నలభై మైళ్లు కారు నడుపుకుని రావాలి. ఇంటర్వ్యూలు చాలాచోట్ల ఎనిమిదికల్లా మొదలవుతాయి. ఇంటర్వ్యూ అయిపోయాక సాయంత్రం వాళ్లింటికి భోజనానికి వెళ్లి, మర్నాడు విమానం ఎక్కమనండి. అప్పుడు నిశ్చింతగా తింటుంది.

న్యూజెర్సీ నుంచి ఒక నాన్న:

డాక్టరమ్మ చెప్పింది చక్కగా ఉంది. చదివేవాళ్లు ఇంకొందరు ఉంటారు కాబట్టి ఒకటి కలుపుతాను. 2020లో కరోనాతో ఇంటర్వ్యూలు ఆన్‌లైన్ అయ్యాయి, చాలా కాలేజీలు ఇప్పటికీ అలాగే ఉంచాయి. అందుకని మెయిల్ సరిగ్గా చదవకుండా టికెట్లు కొనకండి. మా అబ్బాయి ఇంటర్వ్యూలన్నీ ఇంట్లో లాప్‌టాప్ ముందే అయిపోయాయి. సీటు వచ్చాక వసంతకాలంలో సెకండ్ లుక్ అని కాలేజీ చూడటానికి పిలిచారు, అప్పుడు వాడు స్టూడెంట్ల గదిలో రెండు రాత్రులు ఉన్నాడు. ఏప్రిల్ 30 కల్లా ఒక్క కాలేజీని ఎంచుకోవాలి కాబట్టి ఆ రెండు రాత్రులూ మాకు చాలా పనికొచ్చాయి. ఖర్చు కష్టమైతే ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) వాళ్ల ఫీజు సహాయం పథకం ఉంది, గ్రీన్‌కార్డు వాళ్లకీ వర్తిస్తుంది. అది ఎంక్యాట్, అప్లికేషన్ ఫీజుల వరకే. విమానం మన జేబులోంచే. స్టూడెంట్ దగ్గర ఉంటే హోటల్ ఖర్చయినా మిగులుతుంది.

షార్లెట్ నుంచి అమ్మ:

అందరికీ చేతులెత్తి దండం. ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాం. ఆ అమ్మాయి ఫస్టియర్, ఒక కుక్క ఉందట, మా అమ్మాయికి కుక్కలంటే ప్రాణం. ఇద్దరూ వీడియోలో అరగంట మాట్లాడుకున్నారు. మావారు కూడా సరేనన్నారు. ఇంకో రెండు అడుగుతాను. నేను కూడా వెంట వెళ్లి ఆ ఇంటి దగ్గర దింపి, హోటల్లో ఉండనా? ఆ పిల్లకి ఉత్త చేతులతో ఎలా వెళ్తాం, పులిహోర, ఆవకాయ, కాజాలు పంపిద్దామనుకుంటున్నాను.

మిచిగన్ నుంచి డాక్టర్:

ఆంటీ, చదివి చాలా సంతోషమేసింది. మీరు ఊరిదాకా రావాలనుకుంటే రండి, తప్పేం లేదు. కానీ ఆ ఇంటి లోపలికి, కాలేజీ లోపలికి రావద్దు. ఆ ఇద్దరు పిల్లలూ మనసు విప్పి మాట్లాడుకోవాలంటే అక్కడ పెద్దవాళ్లు ఉండకూడదు.

కాజాలు బ్రహ్మాండం. చిన్న డబ్బా చాలు. జీడిపప్పు, బాదం ఉన్న స్వీట్లయితే ముందు అడగాలి, ఇక్కడ నట్ ఎలర్జీ చాలామందికి ఉంటుంది. పులిహోర విమానంలో చేతి సామానుతో వెళ్తుంది, దారిలో చెల్లికి అదే భోజనం అవుతుంది. ఆవకాయని మాత్రం సెక్యూరిటీ వాళ్లు ద్రవపదార్థం కింద లెక్కేస్తారు, వంద మిల్లీలీటర్లు దాటిన సీసా చేతి సామానులో ఉంటే అక్కడే పారేయిస్తారు. దాన్ని ఇంట్లోనే ఉంచండి. తిరిగొచ్చాక చెల్లి ఆ అమ్మాయికి చేత్తో నాలుగు మాటలు రాసి కార్డు పంపాలి. నాకు వచ్చినవి మూడున్నాయి, ఇప్పటికీ నా స్టెతస్కోప్ పెట్టెలోనే ఉన్నాయి.