డీటీపీ గ్రూపులో డెమో సాఫ్ట్‌వేర్లు పెట్టొచ్చా?

డీటీపీ షాపు, తిరుపతి:
మన గ్రూపులో ఆదివారం ఒకాయన పెళ్లిపత్రికల సాఫ్ట్‌వేర్ పెట్టాడు. ఫ్రీ అనుకుని వేసుకున్నా. మూడు పత్రికల మ్యాటర్ కొట్టి, ప్రూఫు చూసి, తీరా ప్రింట్ ఇస్తే పేర్ల మీద అడ్డంగా కంపెనీ వాటర్‌మార్క్. చూస్తే అది డెమో అట, కొంటేనే పూర్తిగా పనిచేసేది. పార్టీవాళ్లేమో తిరుచానూరు నుంచి వచ్చి షాపులోనే కూర్చున్నారు. రెండు మళ్లీ మొదట్నుంచి కొట్టా, మూడోది ఇంకా దాంట్లోనే ఇరుక్కుంది. ఫాంట్లు, బార్డర్లు ఇచ్చిపుచ్చుకోవడానికి పెట్టుకున్న గ్రూపిది, అమ్మకాలు ఇంకోచోట చూసుకోమనండి.

అకౌంట్స్ పని, చిత్తూరు:
అన్నా, కోపం సరే గానీ డెమోలన్నీ తరిమేస్తే నేర్చుకునేవాళ్ల గతేంది? నేను ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంది ఎడ్యుకేషనల్ మోడ్‌లోనే, అంటే లైసెన్సు కొనకుండా నేర్చుకోవడానికి ఇచ్చేది. దాంట్లో 1, 2, 31 తేదీల్లో తప్ప ఎంట్రీ పడదు, జనవరి జీతాలన్నీ 31కే వేసేవాళ్లం (ఇప్పటికీ తల్చుకుంటే నవ్వొస్తుంది). కాకపోతే ఆ సంగతి ముందే తెలుసు, అందుకే ఎవరూ దాంట్లో నిజం షాపు లెక్కలు రాయలేదు.

ఎస్వీయూ స్టూడెంట్:
1993లో డూమ్ గేమ్ మొదటి ఎపిసోడ్‌ని అందరూ కాపీ చేసి పంచుకోండి అని వదిలారు, మిగతావి కొనుక్కోవాలి. జనం పంచబట్టే అది అంత దూరం పోయింది. తప్పేముంది?

డీటీపీ షాపు, తిరుపతి:
నీది ఆట తమ్ముడూ, నాది కస్టమర్ ఫైలు, ఒకదాంట్లో ఇరుక్కుంటే పోయినట్టే. యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని సిస్టమ్‌లలో ఒకే కోడ్ ఉండే పద్ధతి) కాని పాత ఫాంట్లలో కొట్టిన పత్రికలు ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. ఒకసారి అలా పోగొట్టుకున్నా, చాలు. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో, ఎవరైనా ఫ్రీగా వాడి పంచుకునేలా ఉన్నాయి కదా, అవి పెట్టండి, దండం పెడతా.

సాఫ్ట్‌వేర్ పెట్టినాయన:
పెట్టింది నేనే సార్. వాటర్‌మార్క్ వస్తుందని రాయకపోవడం నా తప్పే, ఇకమీదట ఎన్ని రోజులు పనిచేస్తుంది, ఏది సేవ్ కాదు, ధరెంత అన్నీ మొదటి లైన్లోనే రాస్తా. ఒక్క మాట మాత్రం అడుగుతా. ఇదే గ్రూపులో వారం వారం క్రాక్ వెర్షన్లు (లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీలు) తిరుగుతుంటే ఎవరూ నోరెత్తరు, నేను డెమో పెడితేనే వ్యాపారమా?

అకౌంట్స్ పని, చిత్తూరు:
అది మాత్రం గట్టిగా తగిలింది ప్పా.

డీటీపీ షాపు, తిరుపతి:
తగిలింది నాకే, నా సిస్టమ్‌లోనూ ఒకటుంది. సరే, అన్నీ ముందే రాసి పెట్టు, నేను అడ్డం రాను. ఆ మూడో పత్రిక మాత్రం వాటర్‌మార్క్ లేకుండా తీసివ్వు, పార్టీ పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు.