అప్‌డేట్: స్టాంపుల పుస్తకాల గురించి అడిగింది నేనే

నాన్నగారి స్టాంపులను గుర్తించడానికి ఏ పుస్తకాలు కొనాలని రెండు నెలల క్రితం అడిగాను. కొత్త కేటలాగు (స్టాంపుల వివరాలు, ధరలు జాబితాగా ఇచ్చే పుస్తకం) ధర చూసి గుండె ఆగినంత పనయింది. ధరలు మారతాయి గానీ 1949 నాటి స్టాంపు మారదు కదా అన్న మీ మాట విని పాత ప్రతే తీసుకున్నాను.

మొదటి రోజే అందులో ఒక విశేషం దొరికింది! 1949 ఆగస్టు 15న వచ్చిన మన దేశపు స్టాంపుల వరుసలో ఒక అణా స్టాంపు మీద బోధిసత్వుడి బొమ్మ కుడి ఎడమలు తారుమారై అచ్చయింది, 1950లో సరిచేశారు. ఒకే స్టాంపు రెండేసి ఉన్నాయనుకుని కవరులో పడేసినవి పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానిలో చేయి అటు, మరోదానిలో ఇటు. నాన్నగారు చెప్పనేలేదు, ఆయనకూ తెలియదేమో.

స్టాంపు అంచున ఉండే పళ్లను కొలిచే అట్ట, భూతద్దం కూడా కొన్నాను. వాటర్‌మార్కు (కాగితంలోనే దాగి ఉండే గుర్తు) చూడటం ఇంకా చేతకాలేదు. ఇక విశాఖ సముద్రపు తేమకు పుస్తకాల అట్టలు అప్పుడే బూజు పడుతున్నాయి. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టాను.