36వ వారం నడుస్తోంది, రాత్రిళ్లు భయంతో నిద్ర పట్టడం లేదు

మొదటి కాన్పు:
పగలంతా బాగానే ఉంటాను, పడుకోగానే టెన్షన్ మొదలవుతుంది. నొప్పులు వస్తే నాకు తెలుస్తుందా, ఓర్చుకోగలనా? అసలు పసిబిడ్డని ఎత్తుకోవడం కూడా రాదు నాకు. ఎవరిని అడిగినా "అన్నీ అవే సర్దుకుంటాయి" అంటున్నారు. ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

ఇద్దరు పిల్లల తల్లి:
తెలుస్తుంది చెల్లీ, నాకూ ఇదే భయం ఉండేది. చివరి వారాల్లో పొట్ట గట్టిపడి వదిలేస్తూ ఉంటుంది, లేచి నాలుగడుగులు వేస్తేనో పక్కకి తిరిగి పడుకుంటేనో తగ్గిపోతే అవి ఉత్తుత్తి నొప్పులు. అసలు నొప్పులు ఏం చేసినా ఆగవు, దగ్గర దగ్గరగా వస్తాయి. నేను గడియారం చూస్తూ ఒక కాగితం మీద టైమ్ రాసుకున్నాను. 5 నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం చొప్పున, గంటసేపు అలాగే వస్తే బయల్దేరమన్నారు మా డాక్టర్. మీరు ఎప్పుడు రావాలో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. 37 వారాలు నిండకముందే నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా మాత్రం ఈ లెక్కలేం చూడొద్దు, వెంటనే వెళ్లాలి. మొదటి కాన్పుకి 12 గంటలు, అంతకన్నా ఎక్కువ పట్టడం మామూలే. కానీ అంతసేపూ ఏకధాటిగా నొప్పి ఉండదు, మధ్యమధ్య విరామం ఇస్తుంది. మొదట్లో ఆ విరామంలో నేను కునుకు కూడా తీశాను.

కుట్లు మానిన అమ్మ:
నాకు 14 గంటల నొప్పుల తర్వాత బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని సిజేరియన్ చేశారు. నడుము కిందకి మత్తిచ్చారు, మెలకువగానే ఉన్నాను. కోత తెలియలేదు గానీ లోపల ఎవరో లాగుతున్నట్టు తెలిసింది, ఆ సంగతి ముందే చెప్పుంటే అంత బెదిరిపోయేదాన్ని కాదు. మర్నాడు మంచం దిగడమే పెద్ద పని. నర్సు చూపించింది: పక్కకి ఒత్తిగిల్లి, కాళ్లు కిందకి దించి, అప్పుడు చేత్తో ఆనుకుని లేవాలి, దగ్గొస్తే దిండు పొట్టకి అదిమి పట్టుకోవాలి. ఈ రెండే నన్ను గట్టెక్కించాయి. "నీకు తేలిగ్గా అయిపోయిందిలే" అన్నవాళ్లూ ఉన్నారు. ఎనిమిదో రోజుకి కూడా నవ్వితే కుట్లు లాగేవి, అది తేలికెలా అవుతుంది?

మూడు నెలల పాప అమ్మ:
నేను పాల గురించి చెప్తాను. మొదటి రెండు రోజులు పాలు పడలేదని ఏడ్చాను. ముర్రుపాలు కొంచెంగానే వస్తాయి, అప్పటికి బిడ్డకి అవే చాలు. పాలు నిండుగా పడేది సాధారణంగా 2 నుంచి 5వ రోజు మధ్య. ఈలోగా బిడ్డ కాస్త బరువు తగ్గుతుంది, చాలామంది పిల్లలు రెండు వారాలకల్లా మళ్లీ పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తారు. ఐదో రోజు దాటాక రోజుకి కనీసం 6 సార్లు డైపర్ తడిస్తే పాలు అందుతున్నట్టే. చనుమొన పగిలి మంట పుట్టిందంటే చాలాసార్లు బిడ్డ పట్టు సరిగ్గా లేదని అర్థం, బిడ్డ నోరు పెద్దగా తెరిచాక చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి.

ఆలస్యంగా నవ్విన తల్లి:
నాలుగో రోజు కారణం లేకుండా కళ్లు కారిపోయేవి. అది చాలామందికి వస్తుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. నాకు తగ్గలేదు. బాబు పడుకున్నా నాకు నిద్ర పట్టేది కాదు, ఎత్తుకున్నా ఏమీ అనిపించేది కాదు. ఆరో వారం చెకప్‌లో నోరు విప్పి చెప్పాను, డిప్రెషన్ అన్నారు, చికిత్స తీసుకున్నాను, తగ్గింది. ఇప్పుడు వాడు నా వేలు పట్టుకునే నిద్రపోతాడు. మీరు ఆరు వారాలు ఆగొద్దు, ముందే చెప్పండి.

ఇద్దరు పిల్లల తల్లి:
ఒకటి మర్చిపోయాను. కాన్పయ్యాక కొన్ని వారాలు రక్తస్రావం ఉంటుంది, రోజురోజుకీ తగ్గుతుంది. గంటకో ప్యాడ్ నిండిపోతున్నా, జ్వరం వచ్చినా, చూపు మసకబారి తలనొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటి కాన్పు:
అందరివీ రెండేసి సార్లు చదివాను అక్కా. ఇంతకీ ఎత్తుకోవడం ఎలాగో ఎవరూ చెప్పలేదు.

ఇద్దరు పిల్లల తల్లి:
ఒక చెయ్యి తలా మెడా కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి, నువ్వే వంగి బిడ్డని గుండెలకి ఆనించుకుని అప్పుడు లేవాలి. మెడ నిలిచేదాకా తల కింద చెయ్యి తియ్యకు.