పాత దస్తావేజులో కనిపించిన షరతు

ప్రశ్న:
సియాటిల్ ఉత్తర భాగంలో మేము కొన్న ఇంటి పాత దస్తావేజులు చదువుతుంటే, 1929 నాటి ఒక పేజీలో, ఈ స్థలంలో తెల్లజాతివారు తప్ప ఇతరులు ఇంటి పనివారిగా మాత్రమే ఉండవచ్చునని టైపు చేసిన షరతు కనిపించింది. అదే కట్టలో చివరి పేజీ మీద నా పేరు, నా భార్య పేరు ఉన్నాయి. అది ఎప్పుడో రద్దయిందని ఏజెంటు అన్నారు. చెల్లని షరతు గురించి మేము చేయవలసినది ఏమైనా ఉందా?

మొదటి జవాబు:
షరతు చెల్లదు గాని, అది చేసిన పని చెల్లుతూనే ఉందండీ. ఇలాంటివాటిని కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో చెప్పింది. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి వివక్షను 1968 చట్టం నిషేధించింది. కాని అంతకుముందే, 1930లలో, ప్రభుత్వ గృహరుణ సంస్థ నల్లవారి పేటలను అప్పివ్వడానికి ప్రమాదకరమైనవంటూ పటాల మీద ఎర్రరంగుతో గుర్తించింది; 1934లో ఏర్పడిన మరో ప్రభుత్వ సంస్థ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ తెల్లవారి కాలనీల రుణాలకు పూచీ ఉంటూ, ఈ షరతులనే సిఫారసు చేసింది. అప్పుడు ఇల్లు కొనగలిగిన కుటుంబానికి దాని విలువే పిల్లల చదువుకూ మనవల తొలి ఇంటికీ పెట్టుబడి అయింది. కొననివ్వని కుటుంబానికి అద్దె రసీదులు మిగిలాయి. నేటి బ్యాంకులో ఒక్క ఉద్యోగి మనసులోనూ ద్వేషం లేకపోయినా ఆ తేడా కొనసాగుతుంది. వ్యవస్థలోనే ఉన్న వివక్ష అంటే ఇదే.

రెండవ జవాబు:
సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆ షరతు చెల్లదని తెలిపే సవరణ పత్రాన్ని కౌంటీ రికార్డుల కార్యాలయంలో ఉచితంగా దాఖలు చేయవచ్చు. పాత పేజీ చరిత్రగా ఉంటుంది, ఉండాలి కూడా. ఈ షరతుల వల్ల నష్టపోయిన వర్గాలకు ఇల్లు కొనడానికి సాయం చేసే చట్టాన్ని ఈ రాష్ట్రం 2023లో తెచ్చింది. ఆ జాబితాలో భారతీయులూ ఉన్నారు. అయితే 1968 ఏప్రిల్‌కు ముందు ఇక్కడ నివసించినవారికీ వారి వారసులకే అది వర్తిస్తుంది కనుక, ఈ మధ్య వచ్చిన మనం దానికి హక్కుదారులం కాము. మనకు దారి తెరిచిన 1965 వలస చట్టం నల్లవారి పౌరహక్కుల ఉద్యమ కాలంలోనే వచ్చిందన్నది మాత్రం మరవకూడదు.

మూడవ జవాబు:
సవరణ పత్రంతో ఆగిపోకండి. మా ఊరి సిటీ హాలులో, ఎక్కువమందికి చోటు దొరికేలా ఒక్కో స్థలంలో నాలుగిళ్లు కట్టనివ్వాలా అన్న విచారణ జరిగినప్పుడు, వద్దని మాట్లాడిన వరుసలో మన తెలుగువాళ్లే ఐదుగురు నిలబడ్డారు. ఆ అర్జీ మీద నేనూ సంతకం చేశాను. "మంచి ఏరియా" పాడవుతుందన్నదే మా వాదన. ఏరియా మంచిదెలా అయిందో మాలో ఎవరూ అడగలేదు. తర్వాతి విచారణకు వెళ్లి, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని మైకు ముందు చెప్పాను.

ప్రశ్న అడిగినవారు:
సవరణ పత్రం ఈ వారమే దాఖలు చేస్తాము. మా వీధిపై అలాంటి విచారణే వచ్చే నెలలో ఉంది; ఇద్దరమూ వెళ్తాము, ఆ 1929 పేజీ నకలు తీసుకుని.