5 అంగుళాల పరుపులు చెబితే 4 అంగుళాలవి వచ్చాయి. మార్చి ఇస్తానంటే ఒప్పుకోవాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్ పెడుతున్నాను. 30 పరుపులు, 5 అంగుళాల మందం, 25వ తేదీలోపు డెలివరీ అని బిల్లు మీదే రాయించాను. 17న బండి వచ్చింది. టేపు పెట్టి చూస్తే అన్నీ 4 అంగుళాలే! అడ్వాన్సు వాపసు ఇమ్మంటే "25 లోపు సరైనవే వేస్తాను, క్యాన్సిల్ మాత్రం కుదరదు" అంటున్నాడు. ఈలోపు ఇంకోచోట రేటు తక్కువకు దొరికింది. అతనికి ఇంకో ఛాన్సు ఇవ్వాల్సిందేనా?

జవాబు: బ్రదర్, ఆ తక్కువ రేటే మీ అసలు బాధ అనిపిస్తోంది, సరే. చెప్పిన కొలతకు రాని సరుకు వద్దనొచ్చు. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ సెక్షన్ 15 అదే చెబుతుంది. కానీ సరుకు వద్దనడం వేరు, బేరమే వద్దనడం వేరు. అమెరికాలో అమ్మినవాడు తప్పు సరిదిద్దుకోవచ్చని యూనిఫాం కమర్షియల్ కోడ్ 2-508లో నేరుగా ఉంది. మన చట్టంలో అలాంటి సెక్షన్ లేదు. అయితే 1878లో ఇంగ్లండులో ఒక మొక్కజొన్నల కేసు నడిచింది. మొదట చూపించిన ఓడ సరుకును కొన్నవాళ్లు కాదన్నారు. అమ్మినవాళ్లు గడువులోపే ఇంకో ఓడ సరుకు చూపిస్తే అది తీసుకోవాల్సిందేనని తీర్పు. మన కోర్టులు ఇలాంటి పాత తీర్పులను చూస్తాయి. కాబట్టి 25 దాకా ఆగండి. ఇప్పుడే వేరేచోట కొనేసి, రేపు అతను సరైనవి తెస్తే దింపుకోనంటే, నష్టపరిహారం అడిగేది అతనే (సెక్షన్ 56).

వద్దన్న సంగతి ఈరోజే వాట్సాప్‌లో పెట్టండి, టేపు కనిపించేలా ఫోటోతో. వెనక్కి మోసే ఖర్చు మీది కాదు, వద్దని తెలియజేస్తే చాలు (సెక్షన్ 43). పరుపులకు ప్లాస్టిక్ కవర్ తీయొద్దు.

ప్రశ్న: అన్నా, ఇద్దరు కుర్రాళ్లు అప్పుడే దిగిపోయారు. రెండింటికి కవర్ తీసి దుప్పట్లు పరిచేశాం...

జవాబు: అయ్యో! తగువంతా అక్కడే మొదలవుతుంది. వాడుకుంటే ఒప్పుకున్నట్టే అని అతను సెక్షన్ 42 చూపించొచ్చు. పైగా విడదీయలేని ఒకే ఆర్డరులో కొంత ఒప్పుకున్నా, మిగతాది తిప్పి పంపే హక్కు పోతుందంటుంది సెక్షన్ 13. అప్పుడు మిగిలేది ధర తగ్గించమనో పరిహారం ఇమ్మనో అడగడమే. ఈ రాత్రికి ఆ కుర్రాళ్లకు చాపలు, బొంతలు ఇవ్వండి. ఆ రెండింటి సంగతి దాచకుండా అతనికి చెప్పి, "30కి 30 మారుస్తాను, 25 లోపు" అని అతని ఫోను నుంచే మెసేజ్ పెట్టించుకోండి. ఇప్పుడు బేరం పోకూడదని చూస్తున్నాడు కదా, పెడతాడు.